నెలకొక ఆదివారం, నాలుగు ఇళ్లు: కలిసి చేసుకునే చిన్న పండుగకు సమగ్ర మార్గదర్శి

మన జిల్లాల్లో బంధువులూ స్నేహితులూ ఒకచోట చేరడానికి ఇప్పుడు రెండే సందర్భాలు మిగిలాయి: పెళ్లి, చావు. ఫంక్షన్ హాలుకు వెళ్తాం, కట్నం చదివిస్తాం, వేదికనెక్కి ఫోటోకు నిలబడతాం, భోంచేసి బస్సెక్కుతాం. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర పాత స్నేహితుడు ఎదురైతే "ఒకసారి ఇంటికి రండి" అంటాం, అతడూ అదే మాట అంటాడు. ఆ ఒకసారి ఏళ్లు గడిచినా రాదు.

మనకు కలిసి కూర్చోవడం తెలియక కాదు. సంక్రాంతికి ముందు సకినాలు చుట్టడానికి ఒక ఇంట్లో చేరిన ఆడవాళ్లు, పెళ్లికి ముందు పసుపు దంచినవాళ్లు, ఎండాకాలం మిద్దె మీద వడియాలు పెట్టినవాళ్లు, పెత్తరమాస నాడు గంపలకొద్దీ పూలు ముందేసుకుని బతుకమ్మ పేర్చినవాళ్లు ఏం మాట్లాడాలా అని ఎప్పుడూ వెతుక్కోలేదు. చేతుల్లో పని ఉండేది. పని సాగుతుంటే మాట దానంతట అదే వచ్చేది. కోడలి మనసులోని దిగులు, కొడుకు ఉద్యోగం గురించిన బెంగ, కొత్తగా నేర్చిన పాట, అన్నీ ఆ పని మధ్యలోనే బయటపడేవి. తిండికి మాత్రమే పిలిస్తే జనం తిని వెళ్తారు. పనికి పిలిస్తే ఉంటారు. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఎక్కడున్నా నాలుగు కుటుంబాలు నెలకొకసారి కలిసి ఏదో ఒకటి చేతులతో తయారు చేసుకునే పద్ధతిని మొదటి పిలుపు నుంచి వివరంగా చెబుతాను.

మొదటి అడుగు: ఎవరిని పిలవాలి

నాలుగు కుటుంబాలు చాలు. పిల్లలతో కలిపి పన్నెండు నుంచి పద్దెనిమిది మంది అవుతారు. అంతకు మించితే ఒక గదిలో ఒకే మాట వినపడదు, జనం రెండు మూడు గుంపులుగా విడిపోతారు.

నలుగురినీ ఒకే రకం వాళ్లను ఎంచుకోకండి. ఒకే ఆఫీసులో పనిచేసే నాలుగు కుటుంబాలు కలిస్తే మాట బదిలీల దగ్గర, డీఏ దగ్గర ఆగిపోతుంది. అరవై దాటిన పెద్దవాళ్లు ఒకరైనా ఉండాలి, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరైనా ఉండాలి. మీ కులం, మీ మతం కాని కుటుంబం ఒకటి ఉంటే మరీ మంచిది. పీర్ల పండుగను ఊరంతా కలిసి చేసుకున్న చోట ఇది కొత్త సంగతేమీ కాదు. ఒంటరిగా ఉంటున్నవారిని ఒకరిని తప్పక చేర్చండి. బదిలీ మీద వచ్చి అద్దె గదిలో ఉంటున్న టీచరు, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దాయన, భర్త పోయాక ఫంక్షన్లకు వెళ్లడం మానేసిన అక్క, ఇలాంటి వారు మీ వీధిలోనే ఉంటారు.

పిలుపు ఫోనులో పంపకండి. వాట్సాప్ సందేశానికి బొటనవేలు గుర్తు వస్తుంది, మనిషి రాడు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, కూర్చుని, ఫలానా పని అని చెప్పి పిలవండి. "వదినా, వచ్చే ఆదివారం మా ఇంట్లో సకినాలు చుడుతున్నాం. మీ చేయి తిరిగినంతగా మా వాళ్లెవరికీ తిరగదు. అన్నయ్యను, పిల్లలను తీసుకుని నాలుగింటికి రండి, పిండి కలిపి పెట్టి ఉంచుతాను." ఈ మాటలో తేదీ ఉంది, వేళ ఉంది, ఆమె ఎందుకు కావాలో ఉంది. తన అవసరం ఉందని తెలిసిన మనిషి సాకు చెప్పరు.

రెండో అడుగు: రోజు కట్టుకోవడం

నెలలో రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు. లేదా మీకు కుదిరే మరో రోజు. ఏదైనా సరే, ఒకసారి అనుకున్నాక ప్రతి నెలా "ఎప్పుడు కుదురుతుంది?" అని అడగకండి. అడిగితే ఎవరికీ కుదరదు. రోజు ముందే తెలిస్తే మిగతా పనులు దాని చుట్టూ సర్దుకుంటాయి.

కొన్ని సవరణలు మాత్రం ముందే చేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు తెలిసినవే. అప్పుడు ఆరు దాటాక మిద్దె మీద నీళ్లు చల్లి మొదలుపెట్టండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో ముహూర్తాలు ఎక్కువ కాబట్టి పంచాంగం ఒకసారి చూసుకోండి. పదో తరగతి పిల్లలున్న ఇంటికి మార్చిలో వంతు వేయకండి. వ్యవసాయం ఉన్న కుటుంబమైతే నాట్ల రోజులు, పత్తి ఏరే రోజులు వాళ్లకు కుదరవు. రంజాన్ నెలలో ముస్లిం కుటుంబం ఉంటే సమయం ఇఫ్తారుకు మార్చండి, ఆ రోజు వంతు ఎవరిదైనా ఖర్జూరాలు, పండ్లు సిద్ధంగా ఉంచండి.

ఇల్లు నెలనెలా మారాలి. వంతు వచ్చిన ఇంటి బాధ్యత మూడింటితో సరి: చోటు, మంచినీళ్లు, చాయ్. మిగిలినవన్నీ మిగతా ఇళ్లు తెస్తాయి. దీన్ని గట్టిగా పాటించమని అడుగుతున్నాను. లేదంటే వంతు వచ్చిన ప్రతి ఇంట్లో ఆ ఇల్లాలు సాయంత్రమంతా పొయ్యి దగ్గరే ఉండిపోతుంది, ముందుగదిలో ఎవరెవరు ఏం చెప్పుకున్నారో ఆమెకు మర్నాడు గానీ తెలియదు. చాయ్ పెట్టడం, గిన్నెలు కడగడం మగవాళ్ల పనిగా మొదటి రోజే నిర్ణయించండి. మొహమాటపడేవాళ్లు రెండో నెలకల్లా అలవాటు పడతారు.

ఖర్చు కోసం ప్రతి కుటుంబం నెలకు 200 రూపాయలు ఒక డబ్బాలో వేస్తే పూలకు, పిండికి, నూనెకు సరిపోతుంది. చిట్టీలు, చేబదుళ్లు, ప్లాట్ల బేరాలు మాత్రం ఈ కూటమిలోకి రానివ్వకండి. డబ్బు లావాదేవీ మొదలైన చోట చనువుకు చోటు తగ్గిపోతుంది.

మూడో అడుగు: చేతికి ఏ పని ఇవ్వాలి

పని ఎంపికలో చూడవలసినవి: ఆరేళ్ల పాప నుంచి డెబ్భై ఏళ్ల అవ్వ దాకా అందరి చేతికీ ఏదో ఒక భాగం దొరకాలి. చేస్తూ మాట్లాడగలగాలి. రెండు గంటల్లో ఒక కొలిక్కి రావాలి. చివర్లో ప్రతి ఇంటికీ కొంత తీసుకెళ్లడానికి మిగలాలి. మన దగ్గర కాలమే చాలావరకు పని చెప్పేస్తుంది.

జనవరికి సకినాలు. కొత్త కూటమి మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పని నాకు తోచదు. రెండు కిలోల కొత్త బియ్యం కడిగి రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్లు వంపి, పలుచని గుడ్డ మీద ఆరబోయండి. చేతికి తడి తెలియాలి, నీరు మాత్రం కారకూడదు. ఆ తడి బియ్యాన్నే గిర్నికి తీసుకెళ్లి పట్టించండి. పండుగ వారంలో గిర్ని దగ్గర వరుస పెద్దది, పొద్దునే వెళ్లాలి. పిండిని జల్లించి, 300 నుంచి 400 గ్రాముల నువ్వులు, రెండు గుప్పెళ్ల వాము, తగినంత ఉప్పు వేసి, మామూలు నీళ్లతో మెత్తగా కలపండి. వేళ్ల మధ్య తిప్పితే తెగకుండా సాగాలి, అదే కొలత. తెగుతుంటే కొద్దిగా నీళ్లు, జారుతుంటే కొద్దిగా పిండి.

ఉతికిన పాత ధోవతి నేల మీద పరిచి, చుట్టూ కూర్చోండి. చాలా ఇళ్లలో ముందుగా గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు, తర్వాతే సకినం. పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలితిప్పుతూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు వేయాలి. చేయి తిరిగిన పెద్దమ్మ పక్కన కొత్తగా నేర్చుకునేవారిని కూర్చోబెట్టండి. కొత్త కోడలికి, పెద్దత్తకు చనువు కుదరడానికి ఇది మంచి చోటు, ఎందుకంటే ఇద్దరి చూపూ గుడ్డ మీదే ఉంటుంది. ముఖం చూసి అడగలేని మాటలు అప్పుడు అడగగలుగుతారు. పిల్లలు రెండు చుట్లతో చిన్నవి చేస్తారు, వంకరగా వస్తాయి. వాటిని సరిచేయకండి, అలాగే వేయించి వాళ్లవి వాళ్లకే ఇవ్వండి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి.

గుడ్డ తడి పీల్చుకునేదాకా, సుమారు గంటసేపు, సకినాలను ఆరనివ్వాలి. తడి ఎక్కువగా ఉన్నా, పిండి సరిగా జల్లించకపోయినా నూనెలో చిట్లి ఎగిరిపడతాయి. అందుకే వేయించేటప్పుడు పిల్లలు వంటింటి గడప దాటకూడదు. మధ్యరకం మంట మీద నువ్వులు మాడకుండా తీసి, పూర్తిగా చల్లారాక డబ్బాల్లో పెట్టండి. మూత గట్టిగా ఉంటే రెండు మూడు వారాలు కరకరలాడుతూనే ఉంటాయి. ఊళ్లో లేని పిల్లలకు పంపే పొట్లం కూడా అప్పుడే కట్టేయండి.

హోలీకి ముందు మోదుగుపూల రంగు. ఎండిపోయిన అడవి అంచుల్లో నారింజ రంగుతో మండుతున్నట్లు కనిపించే చెట్లు అవే. రాలిన పూలు ఏరుకోవడం పిల్లల పని. పూరేకులను నీళ్లలో అరగంట మరిగించి, రాత్రంతా వదిలేసి, పొద్దున వడకడితే పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. తెల్లని నూలు రుమాళ్లకు దారంతో ముడులు కట్టి, అదే నీళ్లలో ముంచి ఆరబెడితే పిల్లలకు ముడి ఉన్న చోట రంగు అంటదన్న సంగతి కంటితో తెలుస్తుంది. అక్కడి నుంచి పోచంపల్లి, పుట్టపాక నేతకు దారి తీయవచ్చు. అక్కడ ముడులు గుడ్డకు కట్టరు, నేయకముందే నూలుకు కట్టి రంగు వేస్తారు. అందుకే ఇక్కత్ బట్టను తిరగేసినా డిజైను దాదాపు అలాగే కనిపిస్తుంది. ఇంట్లో పోచంపల్లి దుప్పటి ఉంటే పిల్లల చేతికిచ్చి తిప్పి చూడమనండి.

మేలో మామిడి. కొల్లాపూర్ వైపు చుట్టాలుంటే కాయలు వాళ్లే పంపుతారు. పచ్చడికి ముక్కలు కొట్టడం, తుడవడం, ఆరబెట్టడం పంచుకోండి. జులైలో తొలి ఏకాదశికి పేలాలు వేయించి, దంచి, బెల్లం కలిపి పేలపిండి చేసుకోండి, గంటలో అయిపోతుంది. వినాయక చవితికి చెరువు మట్టితో బొమ్మలు.

ఇక బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులుంటుంది. మీ కూటమికి వీటిలో ఒకరోజు పెట్టుకుంటే చాలు. పొద్దునే మగవాళ్లు, పిల్లలు ఊరి బయటికి వెళ్లి తంగేడు, గునుగు కోసుకురావాలి. తంగేడును పూలున్న కొస వరకే తుంచండి, కొమ్మ విరిస్తే వచ్చే ఏడు ఆ చెట్టు దగ్గర ఏమీ మిగలదు. తెచ్చినవాటిని తడిగుడ్డ కింద నీడలో ఉంచండి. గునుగు కాడలను ఒకే పొడవుకు కోసి, చిన్న కట్టలుగా కట్టి, కొన్నింటిని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు అప్పగించవచ్చు. పళ్లెంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడుతో మొదటి వరుస పేర్చి, ఆ పైన గునుగు, బంతి, కట్లపూలు వరుసలుగా వేసుకుంటూ రావాలి. నడుమ ఖాళీని తరిగిన ఆకులు, కాడలతో గట్టిగా నింపుతూ ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ చుట్టు తగ్గాలి. నింపడంలో ఆలస్యం చేస్తే గోపురం ఒక పక్కకు ఒరుగుతుంది, కాబట్టి ఒకరు పేరుస్తుంటే మరొకరు నింపుతూ ఉండేలా ఇద్దరిద్దరిగా కూర్చోండి. చివర పసుపు గౌరమ్మ.

సృజన అనగానే బొమ్మలు వేయగలవారి పని అనుకుంటాం. బతుకమ్మ పాట చూడండి, ఎవరైనా ఒక పాదం అందుకుంటే మిగతావారు "ఉయ్యాలో" అని కలుపుతారు. ఆ అమరికలో మీ ఇంటి సంగతులు ఇమిడిపోతాయి. నాలుగు పాదాలు మీరే కట్టి చూడండి:

నల్లగొండ వాడలో ఉయ్యాలో
నాలుగిండ్ల వారము ఉయ్యాలో
అవ్వ చేతి పూలతో ఉయ్యాలో
అంగడంత వెలిగెను ఉయ్యాలో

ఒక్కొక్కరు ఒక పాదం చొప్పున, ఈ ఏడు ఇంట్లో జరిగిన సంగతి ఒకటి పెట్టాలి: పాప పుట్టడం, బోరులో నీళ్లు పడటం, తాత కంటి ఆపరేషను. ఛందస్సు తప్పినా పాట తప్పదు, నడక మీద ఆధారపడి సాగిపోతుంది. ఆ పాదాలను ఎవరో ఒకరు వెంటనే రాసి పెట్టాలి.

నెలల తరబడి సాగే పని ఒకటి: బొంత

ఏటా ఒక పెద్ద పనిని నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగనివ్వండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది బొంత. ప్రతి ఇంటి నుంచి ఒక పాత నూలు చీర, కొన్ని పాత బట్టల ముక్కలు తెచ్చుకోవాలి: తాత ధోవతి, బాబు మొదటి బడి చొక్కా, చెల్లెలి లంగా. చీరలను బాగా ఉతికి, మూడు నాలుగు పొరలుగా ఒకదానిపై ఒకటి ముడతలు లేకుండా పరిచి, అంచులు ముందు టాకా వేయండి. పై పొర మీద ముక్కలు అమర్చండి. ఎవరి ముక్క ఎక్కడ ఉండాలన్న చర్చే ఒక సాయంత్రం తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. ఆ చొక్కా ఎవరు కొనిచ్చారో, ఆ చీర ఏ పెళ్లికి కట్టుకున్నారో అప్పుడే బయటికి వస్తుంది.

కుట్టు అంచు నుంచి మొదలై లోపలికి చుట్లు చుట్లుగా సాగాలి. సూది పెద్దది, దారం రెండు పేటలు, కుట్టు గోధుమగింజంత. నలుగురు నాలుగు వైపుల కూర్చుని కుట్టవచ్చు. గద్వాల చీర పాతది ఉంటే జాగ్రత్తగా చూసి విడదీయండి. దాని ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. వేర్వేరుగా నేసి కలుపుతారు. నూలు భాగం బొంత లోపలికి, జరీ అంచు బొంత చుట్టూ పట్టీగా బాగుంటుంది.

పూర్తయిన బొంత ఎవరికి? ముందే అనుకోండి. ఆ ఏడు బిడ్డ పుట్టిన ఇంటికి, లేదా హాస్టలుకు వెళ్తున్న అమ్మాయికి. వెనకవైపు ఒక మూల కుట్టినవాళ్లందరి పేర్లు దారంతో రాయండి. మగవాళ్ల పేర్లు ఉండాలంటే వాళ్లు కూడా కుట్టాలి.

నాలుగో అడుగు: పెద్దలను అడగడం

"తాతా, పాత రోజుల గురించి చెప్పు" అంటే ఏ తాతా చెప్పలేడు. నెలకొక ప్రశ్న, అదీ ఒక వస్తువును పట్టుకుని, అడగాలి. మీ ఇంటికి కరెంటు వచ్చిన రోజు మొదట దీపం ఎక్కడ వెలిగింది? పెళ్లికి ఎన్ని బండ్లు కట్టారు? ఏ బావి నీళ్లు తాగేవారు? మర్రిగూడ, మునుగోడు వైపు పెరిగినవారు నీళ్ల మాట ఎత్తితే ఫ్లోరైడు కథ వస్తుంది, అప్పుడు తొందరపెట్టకుండా వినండి. పాలమూరు కుటుంబాలను వలస గురించి అడిగేటప్పుడు "ఎన్ని కష్టాలు పడ్డారు?" అనకండి. "బొంబాయి వెళ్లేటప్పుడు ఇంటి తాళం ఎవరికిచ్చి వెళ్లారు? పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచారు?" అనండి. ఆ జవాబులో ప్రేమ ఎవరి చేతుల్లో ఉండేదో తెలిసిపోతుంది. హాలియా, మిర్యాలగూడ ప్రాంతాల పెద్దలైతే నాగార్జునసాగర్ పని గురించి అడగండి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగాక ఎన్నో ఊళ్లవారు అక్కడ రాళ్లు మోశారు.

వింటున్నవారు మధ్యలో తేదీలు సరిదిద్దకూడదు. చెప్పేవారి అనుమతి అడిగి ఫోనులో గొంతు రికార్డు చేయండి. ఫైలుకు పేరు, తేదీ పెట్టి రెండు ఫోన్లలో దాచండి. తర్వాత దాన్ని విని, ఒక నోటుపుస్తకంలో పేజీన్నర మించకుండా రాయడం పదేళ్లు దాటిన పిల్లల పని. పెద్దలు వాడిన మాటలు వాళ్లు వాడినట్టే రాయమనండి. పక్కనే బొమ్మ వేసుకునేందుకు సగం పేజీ వదలండి.

ఇలా పోగేయడం చిన్న పని కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ఉమ్మడి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి గోలకొండ కవుల సంచిక వేశారు. ఊరూరా ఉన్నవారిని అడిగి పోగేయడం వల్లనే అది సాధ్యమైంది. మీ నోటుపుస్తకం నాలుగు ఇళ్లదే అయినా పద్ధతి అదే.

ఐదో అడుగు: తిండి

చాలా క్లుప్తంగా. ఒక్కో ఇల్లు ఒకే వంటకం తేవాలి, అదీ కాలానికి దొరికేదే. వానాకాలం మక్క గారెలు, బొబ్బర్ల గుడాలు. చలికాలం సర్వపిండి, జొన్నరొట్టె, పచ్చి పల్లీలు ఉడకబెట్టినవి. అక్టోబరులో సీతాఫలాలు. వేసవిలో పచ్చిపులుసుతో అన్నం, మన నల్లగొండ బత్తాయి రసం. కొనుక్కొచ్చిన బిర్యానీ వద్దు. అది రాగానే చేతిపని పక్కకు పోతుంది.

ఆరో అడుగు: మెచ్చుకోవడం బయటికి చెప్పడం

మన ఇళ్లలో ప్రేమ ఉంటుంది, నోటితో చెప్పడమే తక్కువ. భార్య చేసిన కూర బాగుంటే ఖాళీ పళ్లెమే జవాబు. తండ్రి కొడుకుని మెచ్చుకోవాలంటే పక్కింటివాడితో చెబుతాడు. అందుకే వెళ్లేముందు పావుగంట దీనికి కేటాయించండి. ప్రతి ఒక్కరూ ఈ నెలలో తమకు సాయపడిన ఒక మనిషి పేరు, ఆ సాయం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలి. "బావా, మొన్న నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లావు, నేను ఊళ్లో లేను." అంతే. ఎదుటివారు "అయ్యో, దాందేముంది" అని కొట్టిపారేయకూడదు, విని ఊరుకోవాలి. మొదట పిల్లలతో మొదలుపెట్టండి, వాళ్లకు సిగ్గు తక్కువ.

మొదటి నెలల్లో మగవాళ్లు ఇక్కడ చాలా ఇబ్బంది పడతారు. బలవంతపెట్టకండి, దాటవేయనివ్వండి. అయినా వరుస వాళ్ల దగ్గరికి వచ్చి ఆగాలి, ప్రతి నెలా ఆగాలి.

భార్యాభర్తలకు ఆ సాయంత్రంలో కలిసి చేసే చిన్న పని ఒకటి ఉండేలా చూడండి. ఒకరు పిండి, ఒకరు నూనె. ఒకరు పూలు, ఒకరు ఆకులు. పిల్లల చదువు, అప్పు, అత్తగారి మందులు తప్ప మరో మాట లేని దంపతులకు కలిసి నవ్వుకునే వీలు అక్కడ దొరుకుతుంది.

ఎవరింట్లోనైనా మరణం సంభవిస్తే ఆ నెల కూటమిని రద్దు చేయకండి. మిగతా మూడు ఇళ్లూ వండుకుని వాళ్లింటికి వెళ్లండి. చేతిపని వద్దు, ప్రశ్న వద్దు. పోయినవారి గురించి ఇంట్లోవాళ్లు చెప్పదలిస్తే వినండి, లేదంటే పక్కన కూర్చోండి. నాలుగిళ్ల స్నేహానికి నిజమైన అవసరం అలాంటి రోజే తెలుస్తుంది.

ఏడో అడుగు: ఏడాదికి రెండుసార్లు బయటికి

కార్తీకంలో వనభోజనం ఎలాగూ ఉంటుంది. ఉసిరిచెట్టు దొరికిన చోట చాప వేయడమే. దానితో పాటు ఇంకొకసారి, కాగితాలు, పెన్సిళ్లు పట్టుకుని వెళ్లండి. నల్లగొండవాళ్లకు పానగల్లు పక్కనే ఉంది. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద స్తంభం నీడ రోజంతా కదలకుండా పడుతుంది. అది ఎలా పడుతోందో పిల్లలు స్తంభాల మధ్య తిరిగి కనిపెట్టాలి, కనిపెట్టింది బొమ్మగా వేయాలి. జవాబు మీరు చెప్పకండి. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాల్లో ఒక్కొక్కరు ఒక బొమ్మను ఎంచుకుని దాని నగలు మాత్రమే గీయమంటే, పెద్దవాళ్లు కూడా గంటసేపు లేవరు. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. చెట్టుకు అంత సేవ చేశారన్న సంగతి పిల్లలకు చెప్పి, తాము సేవ చేసిన మొక్క గురించి నాలుగు వాక్యాలు రాయమనండి. గద్వాల వైపు నుంచైతే అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఒక రోజంతా పడతాయి, మధ్యాహ్నం ఎండలో వెళ్లకండి.

మన దగ్గర వాద్యాలు వాయించేవారు, కథలు చెప్పేవారు ఇంకా ఉన్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర ఉమ్మడి పాలమూరు నేలదే. ఒగ్గు కథ, చిందు యక్షగానం మీ దగ్గరలో జరుగుతుంటే ఆ నెల అందరూ అక్కడికే వెళ్లండి. కళాకారులకు ఇవ్వవలసింది డబ్బా నుంచి తీసి ముందే కవరులో పెట్టుకోండి, బేరమాడకండి.

నడుమ వచ్చే చిక్కులు

మూడు నాలుగు నెలలయ్యాక ఒక ఇల్లు రాకపోవడం మొదలవుతుంది. ఫోను చేసి ఎందుకు రాలేదని నిలదీయకండి. ఆ రోజు తయారైన సకినాలో, పూలో, రంగు రుమాలో ఒక పొట్లం కట్టి పిల్లలతో పంపండి. వాళ్ల వాటా వాళ్ల ఇంటికి చేరితే వచ్చే నెల వస్తారు.

ఫోన్లు ఒక గంపలో వేసి గూట్లో పెట్టండి, ఫోటోలకు ఒక్క ఫోను బయట ఉంటే చాలు. ఫోటోలు చివర్లో తీసుకోవాలి, పని జరుగుతుండగా కాదు. రాజకీయాల వాదన ముదిరితే వంతు వచ్చిన ఇంటి పెద్ద ఆపాలి, ఆ అధికారం వారికి ముందే ఇవ్వండి. ఆ రోజు లేని మనిషి గురించి మాట వస్తే విషయం మార్చడం అందరి బాధ్యత.

ఒక కుటుంబం హైదరాబాదుకో, పిల్లల దగ్గరికి అమెరికాకో వెళ్లిపోతే స్థానం వెంటనే నింపకండి. రెండు నెలలు వీడియోలో పావుగంట కలపండి, అదీ మెచ్చుకోలు చెప్పుకునే వేళకు. తర్వాత కొత్త ఇంటిని పిలవండి. ఇళ్లు ఆరు దాటితే రెండు కూటములుగా విడిపోండి. రెండింటికీ కలిపి బతుకమ్మ ఒక్కటే పెట్టుకోండి.

ఒక ఆదివారం మిగతావారెవరూ రాలేక రెండు ఇళ్లే మిగిలినా రద్దు చేయకండి. పిండి సగానికి తగ్గించండి, చాయ్ పెట్టండి, నోటుపుస్తకంలో ఆ నెల ప్రశ్న రాసి జవాబు అడగండి. వెళ్లేటప్పుడు పుస్తకం, డబ్బులున్న డబ్బా, కడిగి ఆరబెట్టిన ధోవతి గుడ్డ తర్వాతి వంతు వారి చేతికివ్వండి. పుస్తకం అట్ట లోపల వచ్చే నెల తేదీ, ఇంటి పేరు, చేయబోయే పని అప్పుడే రాసేయండి.